పూల గదులు, పాత ఇంటిపేరు

ఇల్లు, ముందు గది
సోమవారం

వదినా,

ఈ రోజుల్లో కూడా ఉత్తరాలు రాయించే ఉద్యోగం వెతికి మరీ పట్టావు చూడు, నీకు నువ్వే సాటి. ఆకాశంలోంచి వచ్చే సన్నని చప్పుళ్ళు వినాలంటే కింద ఒక్క సెల్‌ఫోన్ కూడా పనిచెయ్యకూడదని, అందుకే గేటు దగ్గరే తీసేసుకుంటారని అమ్మకి పదిసార్లు చెప్పాను. అంతా విని, "ఏమోనే, పిల్లని జైల్లో పెట్టినట్టే ఉంది నాకు" అంటుంది. కాంట్రాక్టు ఏడాదే కదా అంటే, జైలుశిక్షలు కూడా అలా ఏడాదీ రెండేళ్ళూ అనే వేస్తారట. అన్నయ్య పోయాక ఈ నాలుగేళ్ళలో నువ్వు లేకుండా ఈ ఇంట్లో టీ తాగడం మా ఇద్దరికీ ఇదే మొదలు. అమ్మ అలవాటు కొద్దీ మూడు కప్పులు పోస్తోంది. మూడోది పారబొయ్యడం ఇష్టం లేక నేనే తాగుతున్నాను. నాకు నిద్ర పట్టకపోతే ఆ పాపం నీదే.

సరే, అసలు సంగతి. కోప్పడకుండా చదువు. మన పూలాయన చల్లగదులకి కాపలా కాసే ప్రోగ్రాంని, దాన్ని కింద నుంచి నడిపించే కొత్త ఫ్రేమ్‌వర్క్‌కి మార్చేశాను.

"నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకు" అన్నావు, కాదనను. కానీ పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు పంపేది లేదని దాన్ని తయారుచేసినవాళ్ళు చేతులెత్తేశారు. ఎన్నాళ్ళని భయపడుతూ కూర్చోను? అయినా నువ్వూ అన్నయ్యా ఈ గదిలోనే, ఈ బల్ల మీదే రాసిన ప్రోగ్రాం నాకు పరాయిదా? మీరిద్దరూ పోట్లాడుకుంటూ రాస్తుంటే పక్కన కూర్చుని జావాలో కోడ్ రాయడం నేర్చుకున్నదాన్ని. వెనకా ముందూ అన్నీ చూసుకునే మార్చాను. శనివారం పూలాయన గోదాములో ఎక్కించాను.

ఒక్కసారికే లేచి నిలబడింది! తెర మీద ఆ పెద్ద దీపం అప్పటినుంచీ పచ్చగా వెలుగుతూనే ఉంది. పాతది రోజుకి రెండుసార్లైనా ఫలానా చల్లగది వేడెక్కింది, ఎవరో తలుపు వెయ్యడం మర్చిపోయారు అని ఫోన్ చేసి ప్రాణం తీసేది కదా. నాది ఒక్కసారి కూడా నోరెత్తలేదు. పూలాయన ఎంత సంతోషించాడో! గురువుని మించిన శిష్యురాలు అని నేను అనను. నువ్వే అను.

నీ
ఆడబిడ్డ


కొండమీద, క్వార్టర్సు
శుక్రవారం

మహారాజశ్రీ ఆడబిడ్డగారికి,

ముట్టుకోవద్దన్నదాన్నే ముట్టుకోవడం మీ ఇంటి రక్తంలోనే ఉంది. మీ అన్నయ్యా అంతే. పెయింటు ఆరలేదు అని బోర్డు పెడితే నిజంగా ఆరిందో లేదో వేలు పెట్టి చూసేవాడు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, జైలని అత్తయ్యగారు బెంగపెట్టుకోవద్దని చెప్పు. ఆకాశపు చప్పుళ్ళు వినే ఈ రేడియో టెలిస్కోపు డిష్ అంటే మన మేడ మీద ఉండేలాంటిది కాదు. మన వీధి మొత్తం అందులో బోర్లించొచ్చు. పెట్రోలు బండిని కొండ ఎక్కనివ్వరు, ఇంజన్లో నిప్పురవ్వ చిటపటలాడినా దీనికి వినపడుతుందట. అందుకని అన్నీ డీజిల్ జీపులే. క్యాంటీన్లో మైక్రోవేవ్‌ని ఇనప బోనులో పెట్టారు, పులిని పెట్టినట్టు. నా కంప్యూటర్ చేసే రేడియో చప్పుడు బయటికి పోకుండా అదున్న గది గోడలకి రాగి రేకు కొట్టారు. ఏ వేళకి డిష్ ఎటు తిరగాలో చెప్పే ప్రోగ్రాం నాది. అదీ జావాయే, కాబట్టి పుట్టింట్లో ఉన్నట్టే ఉంది.

మనుషులు తక్కువ. ఉన్నవాళ్ళు తక్కువ మాట్లాడతారు. డిష్ బేరింగులకి గ్రీజు పెట్టే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు, అందరూ నూనె మనిషి అంటారు. నా గదిలో గీజర్ పాడైతే నూనె మనిషే వచ్చి బాగుచేశాడు. నా కిటికీ గాలికి కొట్టుకుంటోందని కూడా ఆయనే గమనించి కొక్కెం పెట్టాడు. మొన్న వాన పడుతుంటే నూనె మనిషీ నేనూ జీపులో ఇరుక్కుపోయి మీ అన్నయ్య గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇక నీ ఘనకార్యం. పిల్లా, ఒక్క మాట చెప్పు. పాతది అరిచేది, నీది అరవడం లేదన్నావు. గోదాములో అందరూ శనివారం నుంచి బుద్ధిగా తలుపులు వెయ్యడం మొదలుపెట్టారా? నాకు నమ్మకం కలగడం లేదు. ప్రోగ్రాం లేవగానే మన స్టార్టప్ మెథడ్ ఒకటి నడవాలి. ఏయే గదులున్నాయి, ఏ గది ఎంత చల్లగా ఉండాలి అన్నది డేటాబేసులోంచి తెచ్చి జాబితాలో పెట్టేది అదే. ఆ జాబితాని పట్టుకునే మన ప్రోగ్రాం గదులకి కాపలా కాస్తుంది. ప్రోగ్రాం తను చేసిన పనులు రాసుకునే లాగ్ ఫైల్లో మొదట్లోనే "గదులు అందాయి" అని ఒక వరస పడాలి. పడిందా? ఉత్తరం అందగానే చూడు. టీ తర్వాత తాగొచ్చు.

వదిన


ఇల్లు, ముందు గది
బుధవారం

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికే కొంప మునిగింది.

గులాబీల గదిలో చల్లబరిచే మిషను ఆగిపోయింది. మన పచ్చదీపం మాత్రం ఏమీ ఎరగనట్టు వెలుగుతూ కూర్చుంది. పూలాయన తలుపు తీసేటప్పటికి గదిలో ఉక్కపోత. పూలన్నీ తలలు వేలాడేసేశాయి. ఆయన వాటినన్నిటినీ బండిలో వేయించుకుని వచ్చి మన గుమ్మం ముందు దింపి వెళ్ళిపోయాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. అమ్మ తలుపు తీసి, "అయ్యో, ఇన్ని పూలు ఎవరు పంపారే నీకు!" అని మొహం ఇంత చేసుకుంది. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

లాగ్ చూశాను. "గదులు అందాయి" అన్న వరస లేదు. మన స్టార్టప్ మెథడ్ అక్షరం పొల్లుపోకుండా అక్కడే ఉంది, దాన్ని ఎవరూ పిలవనే లేదు! జాబితా ఖాళీ. ఖాళీ జాబితాలో వేడెక్కడానికి ఏముంటుంది? అందుకే అంత పచ్చగా ఉంది దీపం. నేనేమో నోరెత్తని ప్రోగ్రాం రాశానని మీసం మెలేశాను.

సరే, ఫ్రేమ్‌వర్క్ పిలవకపోతే నేనే దారి చూసుకుంటాను అనుకుని ఆ కోడంతా తీసుకెళ్ళి కన్‌స్ట్రక్టర్‌లో పెట్టాను. ప్రోగ్రాంలో ఏ వస్తువైనా పుట్టగానే నడిచేది అదే కదా, ఇక ఎవరి పిలుపూ అక్కర్లేదని. లేవబోయి బొక్కబోర్లా పడింది. డేటాబేసుని అడుగుతుంటే అక్కడ డేటాబేసే లేదంటుంది. ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ప్రస్తుతానికి పాత వెర్షన్నే మళ్ళీ ఎక్కించి కూర్చున్నాను. వచ్చే నెలలో పూల గిరాకీ మొదలయ్యేలోగా తేల్చమన్నాడు పూలాయన. తేల్చకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటానని కూడా చాలా మర్యాదగా అన్నాడు.

మీ గేటు దగ్గరున్న ల్యాండ్‌లైనుకి ఫోన్ చేశాను, తెలుసా? ప్రాణాల మీదకొస్తేనే పిలుస్తామన్నాడు గార్డు. పూల ప్రాణాలు లెక్కలోకి రావట. తొందరగా రాయి.

తా.క. ఇంత దుఃఖంలోనూ అడగక తప్పడం లేదు. ఒక్క ఉత్తరంలో ఆ నూనె మనిషి అన్నిసార్లు వచ్చాడేమిటి? గీజరూ ఆయనే, కొక్కెమూ ఆయనే, వానా ఆయనేనా?

నీ
ఆడబిడ్డ


కొండమీద
ఆదివారం

పిల్లా,

ముందు కళ్ళు తుడుచుకో. పూలు రేపటికి మళ్ళీ పూస్తాయి. ఈ పొరపాటు నువ్వొక్కదానివే చెయ్యలేదు, నేనున్నా చేసేదాన్నేమో.

మన స్టార్టప్ మెథడ్ నెత్తిన పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ అని ఒక బిళ్ళ తగిలించి ఉంటుంది కదా. వస్తువు తయారయ్యాక ఫ్రేమ్‌వర్క్ ఆ బిళ్ళ ఎక్కడుందో వెతికి, ఉన్న మెథడ్‌ని పిలుస్తుంది. పిలవని పేరంటానికి మెథడ్ తనంతట తాను వెళ్ళదు. ఇప్పుడు ఫైలు పైన, ఏది ఎవరింటి నుంచి తెచ్చుకున్నామో చెప్పే ఇంపోర్టు వరస చూడు. బిళ్ళ పేరు పాతదే, ఇంటిపేరు మారింది. ఇదివరకు వాళ్ళు జావాఎక్స్ వారు. కొత్త వెర్షన్లో జకార్తా వారు. ఊరిపేరే ఇంటిపేరు కావడం మనకేమైనా కొత్తా? కొత్త ఫ్రేమ్‌వర్క్ జకార్తా వారినే చుట్టాలుగా లెక్కేస్తుంది. పాత ఇంటిపేరుతో ఎవరైనా గుమ్మంలో నిలబడితే పొమ్మనదు, తప్పనదు. చూడనట్టు దాటిపోతుంది. ఏదో పాత లైబ్రరీ వెంట తోకలాగా పాత ఇంటిపేరువాళ్ళున్న జార్ ఫైలు వచ్చి ఉంటుంది, అందుకే కంపైలర్ కూడా గొణగలేదు.

కన్‌స్ట్రక్టర్ సంగతి అంటావా, అది వస్తువు పుట్టే క్షణం. దానికి కావలసిన డేటాబేసూ అదీ ఇదీ ఫ్రేమ్‌వర్క్ తెచ్చి చేతిలో పెట్టేది పుట్టిన తర్వాత. పురిటిబిడ్డ చేతికి సంచీ ఇచ్చి బజారుకి పొమ్మన్నావు నువ్వు.

ఇంటిపేరు మారిస్తే పని జరిగిపోతుంది. కానీ నా మాట విని ఇంకాస్త చెయ్యి. అన్ని వస్తువులూ తయారయ్యాక ఫ్రేమ్‌వర్క్ స్టార్టప్ ఈవెంట్ అని ఒకటి పంపుతుంది, అందరం సిద్ధం అని కేకేసినట్టు. మన కోడ్ ఆ కేక విన్నాకే మొదలవ్వాలి. గదులు తెచ్చే పని ముందు నడవాలి, కాపలా పని తర్వాత నడవాలి. ఆ వరస నువ్వే అంకె వేసి చెప్పు, దాని ఇష్టానికి వదలకు. అన్నిటికన్నా ముఖ్యం, జాబితా ఖాళీగా వస్తే ప్రోగ్రాం లేవనే కూడదు. తప్పు జరిగిందని ఎక్సెప్షన్ విసిరి అక్కడే ఆగిపోవాలి. నోరు మూసుకుని పచ్చదీపం వెలిగించేదానికన్నా అరిచి గోల చేసేది వెయ్యి రెట్లు నయం.

ఇక నీ తా.క.కి జవాబు.

నన్ను పెళ్ళి చేసుకుంటావా అని నూనె మనిషి అడిగాడు. నేను కాదనలేదు. ఔననీ ఇంకా అనలేదు, అనాలని ఉంది. అత్తయ్యగారికన్నా ముందు నీకు రాస్తున్నాను. నీకు కోపమొస్తే నాకు తెలుస్తుంది. ఆవిడకొస్తే నాకు తెలియనివ్వరు.

పైన ఇంటిపేరు గురించి రాస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. మీరు తిడతారని నాకు భయం లేదు, పిల్లా. చూడనట్టు దాటిపోతారేమోనని భయం.

వదిన


ఇల్లు
శుక్రవారం

నమస్కారం.

మీరు రాసినట్టే మార్చాను. ఇంపోర్టు సరిచేశాను. కోడ్‌ని స్టార్టప్ ఈవెంట్‌కి మార్చి, వరస అంకెలు వేశాను. "గదులు అందాయి" అన్న వరస లాగ్‌లో పడింది. జాబితా ఖాళీ చేసి చూస్తే ప్రోగ్రాం లేవకుండా ఆగింది. పూలాయన సంతృప్తి చెందారు.

అమ్మ ఆరోగ్యం బాగుంది. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ధన్యవాదాలు.


కొండమీద
మంగళవారం

ఒసేయ్,

'మీరు'ట. 'ధన్యవాదాలు'ట. 'సంతృప్తి చెందారు'ట. ఆ ఉత్తరాన్ని నువ్వు రాశావా, కరెంటాఫీసు వాళ్ళు రాశారా? కింద సంతకమైనా లేదు.

అరిచి గోల చెయ్యమని నీ ప్రోగ్రాంకి నేర్పాను కదా, నీకు రాలేదా ఆ విద్య? నా మీద కోపంగా ఉంటే ఉండు. కానీ పచ్చదీపం వెలిగించి కూర్చోకు. నువ్వు 'మీరు' అన్నందుకు ఏడ్చాను. రాగి గోడలు కాబట్టి బయటికి వినపడలేదు.

తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. పోస్టు జీపు వారానికి రెండుసార్లు వస్తుంది, కాచుకుని కూర్చుంటాను.

నీ వదిన


ఇల్లు, ముందు గది
శనివారం

వదినా,

తిట్టమన్నావుగా, కాచుకో.

నీకు బుద్ధి లేదు. ఇంపోర్టు ఎలా మార్చాలో రాసి, రాసి, ఆ కాగితం చివర పెళ్ళి సంగతి రాస్తారా ఎవరైనా? గదుల జాబితా, కాపలా వరస, ఎక్సెప్షన్, అన్నట్టు పెళ్ళి! నేను ఆ కాగితం ముందు పెట్టుకుని కోడ్ మార్చాలి. కిందికి చూడకుండా పైభాగం మాత్రమే చదవడానికి మీద అట్ట కప్పుకుని పనిచేశాను. అంత పొగరు పట్టింది నాకు.

నీ పెళ్ళి మీద నాకు కోపం లేదు. చేసుకో చేసుకో అని నీ వెంటపడిందే నేను. అప్పుడు తేలిగ్గా అన్నాను, ఎందుకంటే ఎదురుగా ఎవరూ లేరు. ఇప్పుడు ఒకాయన గ్రీజు చేతులతో వచ్చి నిలబడేసరికి నా నోరు పడిపోయింది. ఎందుకో చెప్తాను విను, నవ్వితే ఊరుకోను.

వదిన మొగుడు నాకేమవుతాడు? అన్నయ్య అవుతాడు. ఆ మాట నేను నాలుగేళ్ళుగా ఎవరినీ అనలేదు. నువ్వు గమనించావో లేదో, ఇస్త్రీ అతన్ని కూడా 'ఏమండీ' అంటాను. మెకానిక్‌ని 'ఏమండీ' అంటాను. లోకమంతా అందరినీ అన్నా అన్నా అని తిరుగుతుంది, నాకు మాత్రం నోరు రాదు. ఆ ఒక్క మాటా అన్నయ్యతోపాటు వెళ్ళిపోయిందనుకుని ఊరుకున్నాను. దాన్ని తెచ్చి ఇంకొకరికి ఇవ్వమంటే నావల్ల కాదు వదినా. పోనీ ఆయన్ని బావ అందామా అంటే, అప్పుడు నువ్వు అక్కవి అయిపోవాలి. నాకు అక్క వద్దు. వదిన కావాలి. వరస ఎటు తిప్పి చూసినా ఎవరో ఒకరు పోతున్నారు. ఇదీ నా కోపం. ఇది కోపమేనా?

అమ్మకి నేను చెప్పకూడదనే అనుకున్నాను. తనే కనిపెట్టింది. "వదినా నువ్వూ దేనికి పోట్లాడుకున్నారే? పోస్టతను వస్తే గుమ్మంలోకి పరిగెత్తడం మానేశావు" అంది. చెప్పేశాను. చేతిలో కప్పు కింద పెట్టింది. తర్వాత, "దాన్ని మనం పట్టుకుని కూర్చున్నామని నాకు తెలుసే. తెలిసే వదల్లేదు" అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది, నేను తలుపు బయటే కూర్చున్నాను.

మొహం కడుక్కుని వచ్చి, "టిక్కెట్లు తియ్యి. మనిషిని చూడాలి" అంది. చూసి ఏమంటుందో నాకు తెలియదు. పై ఆదివారం కొండకి వస్తున్నాం. నువ్వు మరీ ఆశ పెట్టుకోకు.

నీ
ఆడబిడ్డ


కొండమీద
బుధవారం

నా బంగారానికి,

ఈ ఉత్తరం మీరు బయల్దేరేలోగా అందాలని పోస్టు జీపు డ్రైవర్ చేతులు పట్టుకుని బతిమాలుకున్నాను.

గేటు దగ్గర ఫోన్లు ఇచ్చెయ్యండి, అత్తయ్యగారి చేతి గడియారం కూడా బ్యాటరీదైతే అడుగుతారు. ఇక్కడ గాలి ఎక్కువ, ఆవిడ చెవులకి గుడ్డ కట్టుకోవాలి. ఆదివారం నాకు డ్యూటీ ఉంది, ఎంత అడిగినా మార్చలేదు. భోజనం దాకా మీతో ఉంటాను. తర్వాత కంట్రోల్ రూముకి వెళ్ళక తప్పదు. ఆయనకీ ఆ పూట డిష్ మీద పనుంది. మంచి రోజు చూసుకుని వస్తున్నారు!

ఆయన ఎందుకు నచ్చాడని నువ్వు అడగలేదు. అయినా చెప్తాను. మీ అన్నయ్య పోయాక అందరూ నా ముందు ఆ ఊసు రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారో. నువ్వూ అంతే, అత్తయ్యగారూ అంతే, నేనూ మీ దగ్గర అంతే. జీపులో ఇరుక్కుపోయిన రోజు ఈయన మామూలుగా, "ఆయన నవ్వితే ఎలా ఉండేది?" అని అడిగాడు. నాలుగేళ్ళలో అలా అడిగిన మొదటి మనిషి. నవ్వు ఎలా ఉండేదో చెప్పబోయి నేనే నవ్వేశాను. అక్కడ పడిపోయాను.

అత్తయ్యగారు వద్దంటే ఏం చేస్తావని నీకు అనుమానం రావచ్చు. మానేస్తానని అబద్ధం చెప్పను. చేసుకుంటాను. కానీ మీరిద్దరూ లేని పెళ్ళి సగం పెళ్ళే అవుతుంది నాకు. మిగతా సగం ఎవరూ పూడ్చలేరు, ఆయన కూడా. ఈ మాట ఆయనకే చెప్పాను. తెలుసు అన్నాడు.

ఆయన్ని ఏమని పిలవాలో నేను చెప్పను. ఏమండీ అను. గట్టిగా అంటే దేనికైనా పలుకుతాడు.

నీ వదిన


ఇల్లు, ముందు గది
మంగళవారం

వదినా,

గేటు దగ్గర మా ఫోన్లు మాకు తిరిగిస్తుంటే నువ్వు నా చెవిలో అడిగావు, "అత్తయ్యగారు ఏమన్నారే?" అని. ఇంటికెళ్ళి రాస్తానన్నాను. పరీక్ష ఫలితాలు పోస్టులో పంపే రాక్షసి అని తిట్టుకుని ఉంటావు. నీ ఎదురుగా చెప్తే సగంలోనే ఏడ్చేస్తాను. ఆ జీపు డ్రైవరు చూస్తున్నాడు.

భోజనాల దగ్గర అమ్మ ఎలా ఉందో నువ్వు చూశావు. ఆయన కుర్చీ తెచ్చి వేస్తే, "ఎందుకండీ శ్రమ" అంది. ఆయన మంచినీళ్ళు ఇస్తే, "మీరు కూర్చోండి" అంది. ఒక్కసారైనా మొహంలోకి చూడలేదు. నీ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి వెనక్కి రావడం నేను చూశాను. మా అమ్మే 'మీరు' అనడం మొదలుపెడితే ఇక నేను ఎంత అనిపించింది. నువ్వు డ్యూటీకి వెళ్ళావు, ఆయనా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. "చూశాంగా, ఇక పోదాం" అంది అమ్మ. అక్కడికి అయిపోయిందనే అనుకున్నాను.

గార్డు మాత్రం ఇంత దూరం వచ్చి దగ్గరనుంచి చూడకుండా పోతారా అని మమ్మల్ని డిష్ కిందికి తీసుకెళ్ళాడు. వదినా, నువ్వు రాసినదానికన్నా పెద్దది! దాని వీపు మీద నిచ్చెన, నిచ్చెన మధ్యలో బకెట్టు కట్టుకుని ఆయన. చీమంత ఉన్నాడు. కింద మా పక్కనే ఇంకో ఇద్దరు గొట్టాలు కడుగుతున్నారు. అంతలో గాలి లేచింది. మామూలుగా కాదు, అమ్మ నా భుజం పట్టుకోవలసి వచ్చింది. స్తంభం మీద ఎర్రదీపం వెలిగి తిరగడం మొదలుపెట్టింది. ఆ దీపం లోపలినుంచి నువ్వే వేశావని తర్వాత తెలిసింది.

గార్డు కంగారుపడ్డాడు. గాలి పెరిగితే డిష్‌ని ఆకాశంకేసి తిప్పి పడుకోబెట్టాలట. కానీ పైన మనిషి ఉన్నంతసేపు అది కదలకుండా తాళం వేసి ఉంచుతారట, ఆ తాళంచెవి ఆయన జేబులోనే ఉందట. ఆయన దిగాలి, తాళం తియ్యాలి, అప్పుడుగానీ నువ్వు లోపల ఏ మీటా నొక్కలేవు. దీపమేమో ఆయన వీపు వైపు ఉంది. వాకీటాకీలు మీ కొండ మీద నిషేధం. "కేకలెయ్యండమ్మా" అని చెప్పి గార్డు ఆయనకి ఎదురుగా కనపడదామని అవతలి వైపుకి పరిగెత్తాడు.

ఏమండీ అని అరిచాను. గొట్టాలు కడిగే ఇద్దరూ తిరిగి నన్ను చూశారు. ఆయన తిరగలేదు. ఇంజనీరుగారూ అన్నాను. గాలి ఆ మాటని నా మొహానే కొట్టింది. ఇంతలో పెద్ద విసురు వచ్చి నిచ్చెన మీద ఆయన ఒక చెయ్యి జారి, బకెట్టు కింద పడింది.

"అన్నయ్యా!"

ఆ కేక నేను వెయ్యలేదు వదినా, ఒట్టు. అదే వచ్చింది. వచ్చాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అమ్మ వైపు చూడ్డానికి భయమేసింది. నాలుగేళ్ళుగా అమ్మ ఆ మాట వినలేదు. అమ్మ జుట్టంతా గాలికి రేగి మొహం మీద పడుతోంది, తీసుకోవడం లేదు, నిచ్చెనకేసే చూస్తోంది. ఆయన ఇంకో చేత్తో నిచ్చెనని పట్టుకుని నిలదొక్కుకున్నాడు గానీ ఇటు చూడలేదు. ఆ పిలుపు తనకని ఆయనకేం తెలుసు పాపం.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా.

"వాడికి వినపడలేదేమోనే," అంది. "ఇంకోసారి పిలువు."

పిలిచాను. దిగి వచ్చేదాకా పిలుస్తూనే ఉన్నాను.

నీ
ఆడబిడ్డ